పారిస్ మరబొమ్మ: ముఖం చూసి కాదు, లోపల చూసి కొనండి

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. మోరిస్‌టౌన్‌లోని మోరిస్ మ్యూజియంలో మర్టో గిన్నిస్ సేకరించిన సంగీత యంత్రాలను, మరబొమ్మలను చూసిన నాటి నుంచి ఫ్రాన్సులో తయారైన పాత సంగీతపు మరబొమ్మల మీద నాకు మనసు పడింది. ఈమధ్య ఒక పురాతన వస్తువుల దుకాణంలో ముఖం చాలా అందంగా ఉన్న ఒక అమ్మాయి బొమ్మను చూశాను. ఒక చేతిలో విసనకర్ర, మరో చేతిలో పువ్వు ఉన్నాయి. "లాంబేర్, పారిస్, 1890 ప్రాంతం" అని చీటీ కట్టారు. కీ తిప్పితే రెండు మూడు స్వరాలు మోగి ఆగిపోతోంది, చేతులు కదలడం లేదు. చిన్న మరమ్మతే, నూనె వేస్తే చాలని, గౌను పాడైపోతే కొత్తది కుట్టించామని దుకాణదారు చెప్పాడు. నడిచే బొమ్మ ధరే అడుగుతున్నాడు, అది మా కుటుంబానికి చిన్నది కాదు. కొనవచ్చా? కొన్నాక సంక్రాంతికి బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చా? మా ఏడేళ్ల పాప చేతికి ఇవ్వవచ్చా? హైదరాబాదులో మా అమ్మగారికి చూపించడానికి తీసుకెళ్లి, అక్కడ గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన చేత మరమ్మతు చేయిద్దామని కూడా అనుకుంటున్నాను.

సమాధానం: సోదరికి నమస్కారం. మీరు అడిగినవాటికంటే ముందు, మీరు అడగని ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ఆలస్యం చేయకూడనిది. ఆ బొమ్మను బాగుచేసేవరకు దానికి ఎవరూ కీ ఇవ్వకూడదు. మీరు కొన్నా కొనకపోయినా సరే, దుకాణదారుకు ఫోను చేసి, వచ్చినవారందరికీ తిప్పి చూపించడం ఆపమని మర్యాదగా చెప్పండి. రెండు స్వరాలు మోగి ఆగిపోయిందంటే లోపల ఏదో పట్టేసిందని అర్థం. అలా పట్టేసిన యంత్రానికి మళ్ళీ మళ్ళీ కీ ఇస్తే స్ప్రింగులో బలం పేరుకుంటూ పోతుంది తప్ప ఎటూ ఖర్చు కాదు.

ఈ బొమ్మల లోపలి ఏర్పాటు తెలిస్తే నా ఆదుర్దా ఎందుకో మీకే అర్థమవుతుంది. సాధారణంగా ఒకే స్ప్రింగు బొమ్మకూ పాటకూ రెండింటికీ చాకిరీ చేస్తుంది. ఆ స్ప్రింగు తిప్పే ఇరుసు మీద, అంచులను ఎత్తుపల్లాలుగా కోసిన బిళ్ళలు వరుసగా ఉంటాయి. ఒక్కొక్క బిళ్ళ అంచు మీద ఒక్కొక్క మీట ఆనుకుని, ఆ ఎత్తుపల్లాల వెంట లేస్తూ దిగుతూ ఉంటుంది. మీటలకు కట్టిన తీగలు బొమ్మ ఒంట్లోంచి పైకి వెళ్లి ఒకటి మెడను తిప్పుతుంది, మరొకటి విసనకర్రను ఊపుతుంది, ఇంకొకటి పువ్వును ముక్కు దాకా తీసుకెళ్తుంది. ఆ పక్కనే సన్నని ఉక్కు ముళ్ళు దిగగొట్టిన ఇత్తడి సిలిండరు తిరుగుతూ, ఉక్కు దువ్వెన పళ్ళను మీటి పాట పలికిస్తుంది. ఇదంతా ఒకే వేగంతో సాగడానికి చివరన గిర్రున తిరిగే ఒక చిన్న రెక్క ఉంటుంది. ఆ రెక్క గాలిని కోస్తూ స్ప్రింగు బలాన్ని అదుపులో పెడుతుంది. కాబట్టి ఒక మోచేయి బిగుసుకుపోయినా పాట ఆగిపోవచ్చు, పాత నూనె జిగురుగా మారి రెక్క కదలకపోయినా చేతులు ఆగిపోవచ్చు. చేతులు కదలడం లేదు గనుక లోపం చేతుల్లోనే ఉందనుకోవడానికి వీల్లేదు.

అసలు ప్రమాదం ఆ రెక్క దగ్గరే పొంచి ఉంటుంది. స్ప్రింగు నిండా బిగిసి ఉండగా రెక్క పట్టు తప్పినా, దాన్ని ఎవరైనా విప్పినా, సిలిండరు ఒక్కసారిగా కట్టు తెంచుకుని తిరుగుతుంది. కొన్ని క్షణాల్లో ముళ్ళు వంగి, దువ్వెన పళ్ళు పటపటా విరిగిపోతాయి. ఈ దృశ్యాన్ని నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల క్రితం నేను కొనుక్కున్న ఒక సిలిండరు సంగీతపు పెట్టెను శుభ్రం చేయించడానికి ఒక మరమ్మతుదారుకు ఇచ్చాను. ఆయన స్ప్రింగు బలాన్ని దించకుండానే రెక్క మరలు విప్పారు. ఆ శబ్దం నేను ఇప్పటికీ మరచిపోలేదు. పదకొండు పళ్ళు పోయాయి. ఒక్కొక్క పన్ను ఒక స్వరం, తన తావుకు తగినట్టు అరగదీసి శ్రుతి చేసిన స్వరం. మంద్రస్థాయి పళ్ళ కింద సీసపు బరువులు ఉంటాయి, పన్ను కంపిస్తుండగా ముల్లు మళ్ళీ తగిలినప్పుడు కీచుమనకుండా అడుగున వెంట్రుకంత తీగలు ఉంటాయి. వాటిని తిరిగి చేయించడానికి నేను పెట్టిన ఖర్చు ఆ పెట్టెను కొన్న ధరను మించిపోయింది. అయినా పాట మునుపటిలా రాలేదు. మీ విషయంలో అది జరగకూడదని ఇంత విస్తరించి చెబుతున్నాను.

ఇక కొనడం సంగతి. చీటీ మీద రాసిన "లాంబేర్" అన్న ఒక్క మాటలో ఎన్ని చేతుల పని ఉందో ముందు తెలుసుకోవాలి. సుమారు 1860 నుంచి 1910 వరకు పారిస్‌లో, ముఖ్యంగా మారే పేట చుట్టుపక్కల, ఈ మరబొమ్మల పరిశ్రమ వర్ధిల్లింది. పాడే పక్షులకు బోంతాం కుటుంబం పేరు తెచ్చుకుంది. గుస్తావ్ విషీ హావభావాలు పలికే పెద్ద బొమ్మలు చేశాడు. ఉత్తరం రాస్తూ రాస్తూ నిద్రలోకి జారుకుని, దీపం మసకబారగానే మేలుకుని వత్తి పెంచే విదూషకుడి బొమ్మ ఆయన కర్మాగారం నుంచి వచ్చిందే. జాఁ రూలే 1866లో మొదలుపెట్టిన సంస్థ, ఆయన అల్లుడు ఎర్నెస్ట్ దెకాం చేరడంతో రూలే-దెకాం అయింది. క్యాబేజీలోంచి తల పైకెత్తి చూసే కుందేలు వాళ్ళదే. లియోపోల్డ్ లాంబేర్ విషీ దగ్గర పనిచేసి, 1886లో సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. పువ్వు వాసన చూసే అమ్మాయిలు, విసనకర్ర ఊపే అమ్మాయిలు, అద్దంలో చూసుకునే అమ్మాయిలు ఆయన ప్రత్యేకత. వాటి దుస్తుల పని ఆయన భార్య చూసేది.

కానీ లాంబేర్ అన్నీ తానే చేయలేదు. పింగాణీ తలలను ఎక్కువగా మోంత్రోయ్‌లోని జ్యూమో కర్మాగారం నుంచి తెప్పించుకునేవాడు. 1878 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం అందుకున్న బొమ్మల సంస్థ అది. ఈ పరిశ్రమకు కావలసిన సంగీత యంత్రాలను స్విట్జర్లాండులోని జెనీవా, సాంత్ క్రువా పనివారు గాని, ఫ్రాన్సులోని సాంత్ సుజాన్‌లో 1839లో మొదలైన లెపే సంస్థ వంటివారు గాని చేసేవారు. అంటే ఒక తల, ఒక పాట, ఒక యంత్రం, ఒక గౌను వేర్వేరు చోట్ల పుట్టి పారిస్‌లో ఒక బల్ల మీద ఒకటయ్యాయి. సేకరణలో విలువంతా ఆ కలయికదే. ఆనాడు ఒకటైనవి ఈనాటికీ విడిపోకుండా ఉన్నాయా అన్నదే మీరు వేసుకోవలసిన ప్రశ్న. ఒకచోట దొరికిన జ్యూమో తలను, మరోచోట దొరికిన పాత యంత్రాన్ని, ఇంకోచోట దొరికిన పీఠాన్ని అతికించి, అన్నీ పాతవే గనుక ఇదీ పాతదే అని అమ్మేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. ప్రతి ముక్కా అసలుదే కావచ్చు, మొత్తం బొమ్మ మాత్రం అసలుది కాదు. మీరు చూసినది అలాంటిదని నేను అనను, చూడకుండా అనలేను. కానీ ముఖం చాలా అందంగా ఉందని రాశారు గాని, అడుగున ఏముందో రాయలేదు. నా భయం అక్కడే ఉంది.

కాబట్టి మొదట బొమ్మను తిరగేసి అడుగు చూపించమని అడగండి. కీ మీద అక్షరాలు ఉన్నాయేమో చూడండి. లాంబేర్ బొమ్మల కీల మీద ఎల్, బి అన్న అక్షరాలు, రూలే-దెకాం కీల మీద ఆర్, డి అన్న అక్షరాలు తరచుగా కనిపిస్తాయి. అయితే కీ ఒక బొమ్మ నుంచి మరో బొమ్మకు సులభంగా మారే వస్తువు గనుక, అది ఒక సాక్ష్యమే గాని తీర్పు కాదు. కొన్ని బొమ్మలకు పీఠం అడుగున పాట పేరు చేతితో రాసిన కాగితం అతికి ఉంటుంది. ఆ పాట, మోగే పాట ఒకటే అయితే మంచి సూచన. యంత్రాన్ని బిగించిన మరలు చూడండి. వాటి తలల మీద ఒకే గాడి ఉండాలి. ప్లస్ గుర్తు గాడి ఉన్న మరలు 1930ల తర్వాత వాడుకలోకి వచ్చినవి కాబట్టి, అవి ఉంటే ఎవరో ఆధునికులు లోపల చేయి పెట్టారని తెలుస్తుంది. అది నేరం కాదు, కానీ ఏం చేశారో అడగవలసిందే. ఒంటికి ఉన్న రంధ్రాలు అన్నింటికంటే ముఖ్యం. కాగితపు గుజ్జుతో పోత పోసిన ఒంట్లో తీగలు వెళ్ళే దారులు మొదటే తొలిచి ఉంటాయి. ఏ తీగా లేని పాత రంధ్రాలు, లేదా అంచులు తెల్లగా తాజాగా కనిపించే కొత్త రంధ్రాలు ఉంటే, ఆ ఒళ్ళు ఆ యంత్రం కోసం పుట్టినది కాదేమోనని అనుమానించాలి.

తర్వాత తల. దీనికి బిస్క్ పింగాణీ అని పేరు. మెరుగుపూత పూయకుండా కాల్చి, రంగులు వేసి మళ్ళీ కాల్చిన పింగాణీ అది. రంగు నిప్పులో పట్టింది గనుకనే నూట ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ బుగ్గల ఎరుపు చెరగదు. దానికి మూడు పరీక్షలు చాలు. విగ్గును, దాని కింద ఉండే బెండు మూతను దుకాణదారు చేతనే తీయించండి, మీరు తీయవద్దు. లోపల చిన్న టార్చిలైటు పెట్టి గది చీకటి చేస్తే, వెంట్రుక వాసి పగులు కూడా నల్లని గీతలా బయటపడుతుంది. ఆ తర్వాత అతినీలలోహిత కాంతి ఇచ్చే చిన్న దీపంతో ముఖాన్ని చూడండి. ఈ మధ్య పూసిన రంగు, పూడ్చిన భాగం అసలు పింగాణీకంటే వేరుగా మెరుస్తాయి. మూడవది తల వెనుక ముద్ర. 1880ల చివర నుంచి వచ్చిన జ్యూమో తలల మీద ఎర్ర సిరాతో "దెపోజే తేత్ జ్యూమో" అని అచ్చు ఉండడం కద్దు. అదే ఎస్.ఎఫ్.బి.జె. అన్న అక్షరాలుంటే ఆ తల 1899లో జ్యూమో, బ్రూ వంటి సంస్థలు కలిసి ఏర్పడిన సంఘానిది, అంటే చీటీ మీద ఉన్న 1890 నిలబడదు. "ఫ్రాన్స్" అని దేశం పేరు కూడా ఉంటే, దిగుమతి వస్తువుల మీద దేశం పేరు తప్పనిసరి చేసిన అమెరికా చట్టం అమలులోకి వచ్చిన 1891 తర్వాతిది కావడానికి అవకాశం ఎక్కువ. ఒకవేళ తల జర్మనీదని తేలినా వెంటనే వెనక్కి తిరగకండి. రూలే-దెకాం వాళ్ళు సిమోన్-హాల్బిగ్ సంస్థ జర్మన్ తలలను స్వయంగా వాడారు. కానీ అప్పుడు "లాంబేర్" అన్న పేరు నిలుస్తుందో లేదో మళ్ళీ ఆలోచించాలి.

గౌను గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే ఇంట్లో పట్టుచీరలు దాచుకునే మన ఆడవాళ్ళకు ఇది తొందరగా అర్థమవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర యూరప్‌లో పట్టుబట్టకు బరువు, సరసరమనే చప్పుడు రావడానికి తగరం వంటి లోహాల లవణాలలో ముంచేవారు. ఆ బట్ట కొన్నాళ్లకు తనంతట తానే నిలువునా చీలికలు వారిపోతుంది. ఉతికితే విచ్ఛిన్నమవుతుంది, ఇస్త్రీ చేస్తే పొడి అవుతుంది. అలా చీలికలు వారిన అసలు గౌను, నిన్న కుట్టిన అందమైన గౌను కంటే సేకరించేవారి దృష్టిలో ఎక్కువ విలువైనది. ఆ కుట్టు, ఆ లేసు, ఆ రంగుల కూర్పు కార్ఖానాలోనే ఆ బొమ్మ కదలికలకు తగినట్టు కొలిచి చేసినవి. చంకలో గుడ్డ ఎంత వదులుగా ఉండాలో తెలియక కుట్టిన కొత్త గౌను వల్లనే చేయి పైకి లేవకుండా పోయిన బొమ్మలు ఉంటాయి. మీరు చూసిన బొమ్మ చేతులు ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అందుచేత దుకాణదారును ఒక మాట అడగండి: తీసేసిన పాత గౌను ఏమైంది? చాలామంది పారేయరు, ఒక సంచిలో పెట్టి మూల పడేస్తారు. ఆ సంచి దొరికితే, అందులో చిరిగిన పీలికలే ఉన్నా సరే, బొమ్మతో పాటు తప్పక తీసుకోండి. కొత్త గౌను కింద లోపావడా, మేజోళ్లు, బూట్లు పాతవే మిగిలి ఉండవచ్చు, అవి కూడా చూడండి.

ఇప్పుడు నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. యంత్రం ఆగిపోయి, అసలు దుస్తులు పోయిన బొమ్మకు, చక్కగా నడిచే బొమ్మ ధర ఇవ్వకూడదు. దుకాణదారు మీకు చెప్పిన ధర, మీరు రాసినదాన్ని బట్టి, నడిచే బొమ్మ ధరే. "చిన్న మరమ్మతే, నూనె వేస్తే చాలు" అని ఆయన అన్నట్టు రాశారు. నూనె వేస్తే చాలినంత చిన్న పని అయితే అమ్మకానికి పెట్టేముందే ఎవరైనా చేయించుకుంటారు. దువ్వెనలో పళ్ళన్నీ ఉన్నాయని, సిలిండరు ముళ్ళు వంగలేదని మీ కళ్ళతో గాని, తెలిసినవారి కళ్ళతో గాని చూసేవరకు బయానా కూడా ఇవ్వకండి. పళ్ళు విరిగి ఉంటే ధర సగానికి తగ్గించినా తొందరపడవద్దు. అన్నీ నిలిచి ఉండి, కేవలం పాత నూనె గడ్డకట్టి ఆగిపోయి ఉంటే, తల పగుళ్ళు లేకుండా ఉంటే, తగ్గించిన ధరకు మనస్ఫూర్తిగా కొనమని చెబుతాను. అటువంటి బొమ్మ మళ్ళీ ప్రాణం పోసుకోగలదు. ఇదే బొమ్మ వేలంలో దొరికితే చౌక అని అనిపించవచ్చు గాని, వేలం పాడిన ధర మీద కొనుగోలుదారు నుంచి వసూలు చేసే రుసుము తరచుగా ఐదో వంతుకు తక్కువ ఉండదు. దాన్ని, పన్నును, జాగ్రత్తగా కట్టి పంపే ఖర్చును కలుపుకుని లెక్కవేయండి.

మరమ్మతుకు ఎవరి దగ్గరకు వెళ్ళాలి? హైదరాబాదులోని ఆ పెద్దాయన నేర్పును నేను తక్కువ చేయను. మంచి గడియారపు పనివాడికి స్ప్రింగు స్వభావం, పళ్ళ చక్రాల అరుగుదల, ఇరుసు రంధ్రాల సంగతి బాగా తెలుస్తాయి. కానీ దువ్వెన శ్రుతి, దాని కింది తీగల అమరిక, సిలిండరు ముళ్ళు మళ్ళీ దిగగొట్టడం గడియారపు పనిలోకి రావు. అది వేరే విద్య. దువ్వెన మీద నూనె చుక్క కూడా పడకూడదని, తుప్పు వదిలించే స్ప్రేలు ఇక్కడ పనికిరావని తెలియని చేతికి దీన్ని ఇవ్వకూడదు. మీరు ఉంటున్న దేశంలోనే 1949లో ఏర్పడిన మ్యూజికల్ బాక్స్ సొసైటీ ఇంటర్నేషనల్ ఉంది. అందులో సేకరించేవారు, బాగుచేసేవారు ఇద్దరూ సభ్యులుగా ఉంటారు. సభ్యత్వం తీసుకుని నలుగురితో పరిచయం చేసుకోండి. మోరిస్ మ్యూజియానికి మర్టో గిన్నిస్ గారి సేకరణ, సుమారు 750 సంగీత యంత్రాలు, మరబొమ్మలు, 2003లో చేరింది. మ్యూజియం వారు సాధారణంగా ధర కట్టరు, కానీ నడిపి చూపించే వేళకు వెళ్ళి, వాటి కదలిక ఎంత నెమ్మదిగా, ఎంత మెత్తగా ఉంటుందో మళ్ళీ మళ్ళీ చూడండి. సరిగ్గా నడిచే బొమ్మ తల తిప్పేటప్పుడు చివర చిన్నగా ఆగి, ఆలోచించినట్టు వెనక్కి తిరుగుతుంది. కంటికి ఆ నడక అలవాటైతే, దుకాణంలో కుదుపుతో తిరిగే బొమ్మను ఒక్క చూపులో పసిగట్టగలుగుతారు. ఏ పని చేయించినా పాత తీగ, పాత మర, పాత దారం, ప్రతిదీ ఒక పొట్లంలో కట్టి, పైన తేదీ వేసి మీకు తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి.

హైదరాబాదు తీసుకువెళ్ళే ఆలోచన మాత్రం మానుకోండి. విమానపు కుదుపు ఒక కారణం అయితే, చట్టం అంతకంటే పెద్ద కారణం. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల, కళాసంపదల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువును పురావస్తువుగా పరిగణిస్తారు, దాన్ని దేశం బయటకు తీసుకువెళ్ళడం మీద కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. చూపించడానికని తెచ్చినది తిరిగి తీసుకువెళ్ళేటప్పుడు చిక్కులు వస్తాయి. ఏనుగు దంతం, అరుదైన పక్షుల ఈకలు ఉన్న బొమ్మలైతే సరిహద్దు దాటడానికి ఇంకా వేరే నియమాలున్నాయి. అమ్మగారిని దానికి బదులు సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్ళమని ఇంట్లోవారికి చెప్పండి. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ పేరు మీద ఉన్న ఆ సంగీత గడియారంలో ప్రతి గంటకూ ఒక చిన్న మనిషి తలుపు తోసుకుని వచ్చి గంట కొట్టి వెళ్తాడు. మీ బొమ్మ లోపల జరిగే పని ఎలాంటిదో ఆవిడకు అర్థం కావడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. బొమ్మ నడిచేటప్పుడు వీడియో తీసి పంపితే ఆవిడకు అదీ చేరుతుంది.

కొలువు గురించి నాకు అభ్యంతరం లేదు, షరతులు మాత్రం ఉన్నాయి. అసలు ఇవి పిల్లలు ఆడుకోవడానికి చేసినవి కావు. ఆనాటి పారిస్ ఇళ్ళలో పెద్దల గదుల్లో అతిథులకు చూపించే అలంకారాలుగా, దుకాణాల అద్దాల వెనుక జనాన్ని ఆకర్షించే వింతలుగా పుట్టినవి. కొలువులో అన్నింటికంటే పై మెట్టు మీద, గోడకు దగ్గరగా, దీపానికి, అగరువత్తుల పొగకు, పసుపు కుంకుమలకు దూరంగా పెట్టండి. వీలైతే చిన్న అద్దపు పెట్టెలో పెట్టండి. మెట్ల మీద పరిచే మెత్తని బట్ట మీద నేరుగా నిలబెడితే ఒరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి కింద చదునైన పలక వేయండి. పండుగ మూడు రోజులు చాలు, తరువాత తీసేయండి. మిగిలిన కాలంలో కిటికీ వెలుగు పడని చోట ఉంచండి. మ్యూజియాలలో పాత బట్టలకు 50 లక్స్ మించి వెలుతురు పడనివ్వరు. చలికాలంలో అక్కడి ఇళ్ళ హీటరు గాలిని బాగా ఎండగడుతుంది, అది పట్టుకూ, కాగితపు గుజ్జుకూ, జిగురుకూ మంచిది కాదు. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండేటట్టు చూడండి. మరమ్మతు అయ్యాక నెలకు ఒకటి రెండుసార్లు, సగానికి మించకుండా కీ ఇచ్చి నడిపించి, పాట పూర్తయ్యేవరకు ఉండి, స్ప్రింగు బలం దిగిపోయాక దాచండి. బలం బిగించి దాచకండి, ఆగిన బొమ్మ చేతిని వేలితో నెట్టి కదిలించకండి.

పాప చేతికి ఇవ్వవద్దు. కానీ పాప పక్కన కూర్చుని, మీరు కీ ఇచ్చి, "ఇప్పుడు పువ్వు వాసన చూస్తుంది, చూడు" అని చెప్పి నడిపించండి. ఏడేళ్ల పిల్లకు ఆ ఎదురుచూపే పెద్ద ఆట. నిజంగా పాప పట్టుకోదగినది, మీరు మొదటిసారి కొనదగినది ఒకటి ఉంది. దాన్ని మారోట్ అంటారు. కర్ర మీద పింగాణీ తల బొమ్మ, గంటలు కుట్టిన పట్టు పీలికల గౌను, లోపల చిన్న సంగీత యంత్రం ఉంటాయి. కర్ర పట్టుకుని గిరగిరా తిప్పితే పాట వస్తుంది. బిగించే స్ప్రింగు ఉండదు గనుక కట్టు తెంచుకుని పళ్ళు విరగగొట్టుకునే ప్రమాదం లేదు, ధర కూడా పెద్ద మరబొమ్మల ధరలో చాలా తక్కువ వంతు ఉంటుంది. ఫ్రాన్సులోనూ జర్మనీలోనూ ఇవి విరివిగా తయారయ్యాయి. మీ పర్యవేక్షణలో, మెత్తని తివాచీ మీద కూర్చోబెట్టి, పాప చేత తిప్పించవచ్చు. నేను ఈ అభిరుచిలోకి వచ్చింది అటువంటి ఒక మారోట్‌తోనే. దాని తల మీద ఒక పగులు ఉంది, గౌను సగం పోయింది, అయినా పింగాణీ, దువ్వెన, పాత పట్టు ఎలా ఉంటాయో నా వేళ్ళకు నేర్పింది అదే. ఇంత పెద్ద ధర పెట్టి పొరపాటు చేసేముందు, చిన్న ధరలో చేయి అలవాటు చేసుకోవడం మీకు కూడా మేలు చేస్తుందని నమ్ముతున్నాను.

దుకాణానికి మళ్ళీ వెళ్ళేటప్పుడు ఒక టార్చిలైటు, ఒక చిన్న అద్దం, భూతద్దం, పాత మెత్తని నూలుగుడ్డ వెంట తీసుకువెళ్ళండి. పీఠం తెరిచి చూపించడానికి ఆయన ఒప్పుకుంటే, స్ప్రింగు బిగిసి ఉన్న స్థితిలో ఏ మరనూ విప్పనివ్వకుండా, ఉన్నది ఉన్నట్టే దువ్వెనను, సిలిండరును, గాలిరెక్కను, కీని, తల వెనుక ముద్రను దగ్గర నుంచి ఫొటోలు తీసి నాకు పంపండి. దువ్వెన ఫొటో ఎడమ చివర నుంచి కుడి చివర దాకా, పళ్ళ కొసలు లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉండాలి. ఒప్పుకోకపోతే, ఆ ముఖం ఎంత అందంగా ఉన్నా, నమస్కారం పెట్టి వచ్చేయండి.